మంగతాయారు తాగని మజ్జిగ

అచ్యుతరావు గారికి గుండెలో స్టెంట్ వేశాక డాక్టరు నూనె మానెయ్యమన్నాడు. ఆయన అన్నీ మానేశారు కానీ ఆదివారం కోడిని మానలేకపోయారు. అందుకని కోడలు ఉషశ్రీ ఫోన్లో చూసి నేర్చుకుని, నూనె చుక్క లేకుండా పెరుగుతో ఓవెన్లో కాల్చిపెట్టడం మొదలుపెట్టింది. ఆమె మాత్రం తినదు. ఏలూరులో పౌరోహిత్యం చేసే ఇంటి పిల్ల. తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదువుతూ గోపీనాథ్‌ని ఇష్టపడి పెళ్లి చేసుకుని, నాలుగేళ్ల కిందట ఉంగుటూరు దగ్గర ఈ ఊరు వచ్చింది. పుట్టింటి నుంచి అప్పటినుంచీ ఎవరూ రాలేదు.

ఆ ఆదివారం పదింటికి తల్లి వచ్చింది.

అప్పుడే ఒక ట్రే ఓవెన్లో పెట్టి, రెండో వాయికి ముక్కలకి పెరుగు పట్టిస్తోంది ఉషశ్రీ. గేటు దగ్గర ఆటో దిగిన మంగతాయారుని చూసి, మోచేతుల దాకా మసాలాతోనే వరండాలోకి పరుగెత్తింది. తల్లి ఒక అడుగు వెనక్కి వేసింది. ఉషశ్రీ లోపలికి వెళ్లి మూడుసార్లు సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చింది.

"మంచినీళ్లు తేనా అమ్మా?"

"సీసా తెచ్చుకున్నానమ్మా." మంగతాయారు కుర్చీ అంచున కూర్చుంది. "చెల్లికి సంబంధం కుదిరింది. వచ్చే నెల ఇరవై రెండున ముహూర్తం. తణుకు వాళ్లు."

"మన మనస్వికేనా? అబ్బాయి ఏం చేస్తాడమ్మా? ఫొటో ఉందా?"

తల్లి ఫొటో బయటికి తియ్యలేదు. చేతిసంచీ ఒళ్లోకి లాక్కుంది.

"నువ్వు రావద్దమ్మా ఉషా. మాకు ఒక్కతే ఆడపిల్లని చెప్పాం వాళ్లకి."

లోపల ఓవెన్ గంట మోగింది. ఉషశ్రీ లేచి వెళ్లి, ముక్కలు తిరగేసి, మళ్లీ పెట్టి వచ్చింది. ఆ వాసన ఆమె వెంటే వచ్చింది. తల్లి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, కూతురు చూడగానే దించేసింది.

"నాన్నగారు చెప్పి రమ్మన్నారా?"

"ఎవరైతేనేమమ్మా. పెళ్లి జరగాలి కదా."

"సరేనమ్మా. రాను."

అత్తగారు శాంతకుమారి గ్లాసు పట్టుకుని బయటికొచ్చింది. "ఎండన పడి వచ్చారు వదినగారూ. మజ్జిగైనా పుచ్చుకోండి. వేరే గిన్నెలో చేశానండీ."

"వద్దండీ, బస్సు వెళ్లిపోతుంది," అంటూ మంగతాయారు లేచింది. చెప్పులు వేసుకుంటూ కూతురి తల నిమరబోయి ఆగిపోయింది.

భోజనాల దగ్గర అచ్యుతరావు గారు రెండో ముక్క వడ్డించుకుంటూ, బాగా కుదిరిందమ్మా అన్నారు. శాంతకుమారి కంచంలోకే చూస్తూ అంది: "నా చేతి మజ్జిగ తాగితే మీ అమ్మగారికి మైలా? ఆవిణ్ణని ఏం లాభంలే. నువ్వూ అంతేగా. మాకు వండిపెడతావు, నోట పెట్టవు. మేం తక్కువవాళ్లమనేగా."

"ఊరుకో అమ్మా," అన్నాడు గోపీనాథ్.

మధ్యాహ్నం మేడమీదికి వెళ్లి చెల్లెలికి ఫోన్ చేసింది ఉషశ్రీ. మనస్వి ఏడుస్తుందనీ, నాన్నతో పోట్లాడతానంటుందనీ అనుకుంది.

"అమ్మని పంపింది నేనేనక్కా," అంది మనస్వి. "నాన్న నిన్ను పిలుద్దామన్నారు. నేనే వద్దన్నాను."

"నువ్వా?"

"నీ సంగతి తెలిసి ఆరు సంబంధాలు వెనక్కి పోయాయి. నువ్వు కోరుకున్నది నువ్వు చేసుకున్నావు. ఈ ఒక్కటీ నన్ను చేసుకోనీ."

అందులో అబద్ధం ఎక్కడుందా అని వెతికింది ఉషశ్రీ. దొరకలేదు.

"మధుపర్కాలు కొన్నారా?" అని అడిగింది చివరికి.

"కొన్నాం. ఉంటానక్కా, ఎవరో వచ్చారు."

ఆ మరుసటి నెల ఇరవై రెండున, పొలానికి బయల్దేరుతూ గోపీనాథ్ గుమ్మంలో ఆగాడు.

"మీ చెల్లి పెళ్లి ఇవాళేనా?"

"కాదండీ," అంది ఉషశ్రీ. "ఇంకా టైముంది."

అతను బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయాడు. తేదీ అతనికి గుర్తులేదు.