రెక్కలు లేని గాలిమరలు

గాలిమరలు కట్టే ఆ కంపెనీకి అన్నయ్య యజమాని, లెక్కలు చూసేది తమ్ముడు. ఏటా ఫలితాలు ప్రకటించే వారం వచ్చిందంటే తమ్ముడికి తల బొప్పి కట్టేది.

“స్తంభాలన్నీ లేచాయి కదరా, లాభం రాసెయ్,” అన్నాడు అన్నయ్య కుర్చీలో వెనక్కి వాలి.

“విదేశం నుంచి రావాల్సిన రెక్కలింకా ఓడే ఎక్కలేదు. అవి బిగించి, మర తిరిగితేనే కదా కొన్నవాళ్లు డబ్బులిచ్చేది? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ వరస. ఈ ఏడు మనకి నష్టమే అన్నయ్యా.”

“ఎప్పుడూ ఆ ఏడుపు మొహమేనా? ఇది చూడు.”

అన్నయ్య వార్షిక నివేదిక అట్ట మీద వేయబోయే ఫొటోను ముందుకు తోశాడు. కొండ మీద వరసగా గాలిమరలు, ఒక్కోదానికి మూడేసి తెల్లటి రెక్కలు.

తమ్ముడు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. “ఇవెక్కణ్ణుంచి ఊడిపడ్డాయి?”

“ఫొటోగ్రాఫర్‌తో పెట్టించా. బోడిగా ఉంటే ఏం బావుంటుంది?”

తమ్ముడికి అరికాలి మంట నెత్తికెక్కింది. “మరి నా ప్రాణం తీస్తావెందుకు? ఆ లాభమేదో కూడా అతన్నే పెట్టమను!”

అన్నయ్య మొహం చేటంత అయింది. వెంటనే ఫోన్ తీసి ఫొటోగ్రాఫర్ నంబరు వెతకడం మొదలుపెట్టాడు.