ఎవరికీ పెట్టని పేరు

ఎర్విన్ విమానం ముసలిది. అది దగ్గితే లోపల కూర్చున్నవాళ్ళకూ దగ్గొస్తుంది. అయినా ఉత్తర ధ్రువం దగ్గరున్న మా కొండల మీద అంతకన్నా గొప్పది ఏమెగురుతుంది? ఆ మధ్యాహ్నం పట్నం ఆసుపత్రి నుంచి ఊరికి బయల్దేరినప్పుడు వెనక సీట్లలో బెసీ పెద్దమ్మ, ఆవిడ కూతురు లినెట్, లినెట్ ఒళ్ళో ఇంకా పేరు పెట్టని మగబిడ్డ ఉన్నారు. మిగతా చోటంతా పిండి బస్తాలూ కూల్‌డ్రింకు డబ్బాలూ.

చెట్లు అయిపోయి ఉత్త మంచు మొదలైన దగ్గర బిడ్డ ఏడుపందుకున్నాడు. పాలిచ్చినా, భుజానేసుకున్నా ఊరుకోలేదు. చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోన్లలోంచి ఆ ఏడుపు నేరుగా ఎర్విన్ బుర్రలోకే దిగుతోంది.

"జ్వరమేమైనా ఉందేమో చూడు లినెట్," అన్నాడు.

"జ్వరం కాదురా. పేరడుగుతున్నాడు," అంది పెద్దమ్మ. "నువ్వు విమానం సంగతి చూసుకో. అది నాకంటే ముసలిది."

పెద్దమ్మ బిడ్డ చెవి దగ్గర వంగి, పోయినవాళ్ళ పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. పోయినవాళ్ళ పేరు బిడ్డకు అందితే ఆ మనిషి ఇంటికొచ్చినట్టే. రావాలనుకుంటున్నవాళ్ళ పేరు వినగానే బిడ్డ ఊరుకుంటాడు. బతికున్నవాళ్ళ పేరుకి ఏ బిడ్డా ఊరుకోడు. పొద్దు పొడవడం కంటే ఇదే మాకు ఖాయం, మా దగ్గర చలికాలంలో పొద్దు పొడవదు కూడా.

"సివుక్," అంది. అది ఆవిడ తండ్రి పేరు. బిడ్డ ఊరుకోలేదు. "అమాగుక్," అంది. నది మంచు విరిగి మునిగిపోయిన మేనమామ అతను. ఏడుపు ఇంకా ఎక్కువైంది. ఒక్క పేరు తప్ప తెలిసినవన్నీ చెప్పేసి పెద్దమ్మ నోరు మూసుకుంది.

ఎందుకు మూసుకుందో ఎర్విన్‌కి తెలుసు. కిందటేడు, ముందు రెండు కొండల మధ్య ఉన్న కనుమలోనే తమ్ముడు కయుక్ విమానంతో సహా మాయమయ్యాడు. రెక్క ముక్క కూడా దొరకలేదు. దొరకలేదు కనక ఏ వేటగాళ్ళ గుడిసెలోనో ఉండే ఉంటాడని అమ్మ నమ్మింది, ఎర్విన్ కూడా నమ్మాడు. ఆ పేరు ఏ బిడ్డకీ పెట్టకూడదని అమ్మ ఊరందరి దగ్గరా మాట తీసుకుంది.

కనుమలోకి రాగానే గాలి పడిపోయింది. ఎప్పుడూ ఊగే విమానం ఊగడం మానేసింది. కింద మబ్బు కదలకుండా పరుచుకుని ఉంది. బిడ్డ గొంతు మారింది. అది పసిబిడ్డ ఏడుపులా లేదు. ఎవరో దూరం నుంచి కేకేసి, జవాబు కోసం కాసేపు ఆగి, మళ్ళీ కేకేస్తున్నట్టుంది.

"అమ్మా, వీడి పెదాలు నీలమైపోతున్నాయి," అంది లినెట్. "చెప్పెయ్ ఆ పేరు."

"నేను చెప్పను. ఎర్విన్ వాళ్ళమ్మకి మాటిచ్చాను."

"ఎర్విన్, నీకు దండం పెడతాను. నువ్వైనా చెప్పు, లేకపోతే నా బిడ్డ దక్కడు."

ఆ పేరు విన్నా బిడ్డ ఏడుపు ఆపకూడదని, ఇంకా గట్టిగా ఏడవాలని ఎర్విన్ కోరుకున్నాడు. పసివాడి విషయంలో అలా కోరుకున్నందుకు తన మీద తనకే అసహ్యమేసింది.

"కయుక్," అన్నాడు.

ఏడుపు ఆగింది. ఇంజను చప్పుడు ఒక్కటే మిగిలింది.

"ఊపిరి బాగానే తీసుకుంటున్నాడు," అంది లినెట్ నెమ్మదిగా. "నీ వైపే చూస్తున్నాడు."

ఎర్విన్ వెనక్కి తిరగలేదు. తిరగడానికి భయమేసింది.

"పలకరించరా," అంది పెద్దమ్మ. "ఇన్నాళ్ళకి ఇంటికొస్తున్నాడు."

"ఆ మబ్బులో పోవద్దని చెప్పానా లేదా?" అన్నాడు ఎర్విన్. "మొండి వెధవా. ఎంత వెతికానురా నీకోసం."

కనుమ దాటాక రేడియోలో అమ్మ గొంతు వినిపించింది. విమానం వస్తోందంటే ఊళ్ళో ఎవరో ఒకరు ఇలా అడుగుతూనే ఉంటారు.

"ఎవరెవరొస్తున్నారు నాయనా?"

"బెసీ పెద్దమ్మ, లినెట్," అని ఆగాడు. "తమ్ముడు కూడా వస్తున్నాడమ్మా."

అమ్మ రేడియో మీట నొక్కి పట్టుకునే ఉంది. వాళ్ళింట్లో పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

"బాగా కప్పి తీసుకురా," అంది చివరికి. "వాడు చలికి ఆగలేడు."