ఎర్ర బావ, నీలం బావమరిది

కంప్యూటర్‌కు మెదడు లాంటి ప్రాసెసర్‌ను తయారుచేసే కంపెనీలు లోకంలో ఎన్నున్నాయో గానీ, డిజైనరమ్మ ఇంట్లో మాత్రం రెండే. ఒకదాని సరుకు ఎర్ర అట్టపెట్టెలో వస్తుంది, రెండోదానిది నీలం అట్టపెట్టెలో. ఆవిడ మొగుడు ఎర్ర పార్టీ. ఆవిడ తమ్ముడు నీలం పార్టీ. ఈ కంపెనీల్లో ఏదీ వీళ్ళకు ఏనాడూ ఒక కప్పు కాఫీ పోయించిన పాపాన పోలేదు. అయినా నీలాన్ని ఒక్క మాటంటే తమ్ముడు కంచం ముందు నుంచి లేచిపోతాడు. ఎర్రదాన్ని అంటే మొగుడు లేవడు, తింటూనే అరుస్తాడు.

ఇంతా చేసి, మొగుడు నీటి సరఫరా ఆఫీసులో ఉత్తరాలు టైపు చేస్తాడు, తమ్ముడు కళ్ళజోళ్ళ దుకాణంలో బిల్లులు కొడతాడు. ఆ పనులకు ప్రాసెసర్ ఏ రంగుదైనా ఒకటే.

నిజంగా కంప్యూటర్ అవసరమున్న మనిషి డిజైనరమ్మ ఒక్కతే. కట్టబోయే దుకాణం, చేయించబోయే అల్మారా రేపు ఎలా ఉంటాయో ఇవాళే తెర మీద బొమ్మగా చూపించడం ఆవిడ పని. చాలా ఏళ్ళు ఒక ఫర్నిచర్ షెడ్డులో జీతానికి చేసింది. బొమ్మలు ఆవిడవి, మెప్పు యజమానిది. చివరికి విసిగిపోయి, తను వాడిన పాత కంప్యూటర్‌నే చవగ్గా కొనుక్కుని బయటికి వచ్చేసింది. మొదటి బేరం ఒక బేకరీ యజమానురాలిది. శనివారం ఉదయం వచ్చి బొమ్మలు చూస్తానంది. నచ్చితే ఈ షాపుతో పాటు తర్వాత తెరవబోయేవన్నీ డిజైనరమ్మకే. నచ్చకపోతే షెడ్డుకు తిరిగి వెళ్ళి ఆ యజమాని ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. అందుకే రాత్రీ పగలూ ఆ బొమ్మల మీదే కూర్చుంది.

సరిగ్గా ఆ వారమే కంప్యూటర్ మొరాయించింది. బొమ్మ సగం తయారవగానే టప్పున ఆరిపోయేది.

"ప్రాసెసర్ ముసలిదైపోయింది. ఎర్రది వేయిస్తే గుర్రంలా పరిగెడుతుంది," అన్నాడు మొగుడు, మూత తీసైనా చూడకుండా.

"గుర్రమే, కాకపోతే కాసేపటికి పొగలు కక్కుతుంది. అక్కా, నా మాట విని నీలం తీసుకో," అన్నాడు తమ్ముడు. వాడూ మూత తీయలేదు.

"నువ్వు కళ్ళజోళ్ళ కొట్లో ఉండి కూడా కళ్ళు కనబడని మాటలు మాట్లాడతావేంట్రా?"

"నీ ఆఫీసులో నీళ్ళెంత వేగంగా వస్తాయో, నీ ఎర్రదీ అంతే వేగం బావా!"

ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంకా కొననే కొనని యంత్రం వేగం గురించి రెండు రోజులు కొట్టుకున్నారు. మధ్యలో ఒక్కడైనా "నువ్వు గీసే బొమ్మ ఏమిటి?" అని అడిగాడా అంటే, లేదు. డిజైనరమ్మకు కోపం కంటే ముందు ఏడుపొచ్చింది. వంటింట్లోకి వెళ్ళి, ముఖం కడుక్కుని వచ్చింది.

అది మామగారు చూశారు. ఆయన వాలీబాల్ రిఫరీగా చేసి రిటైరైన మనిషి. ఈల ఇంకా మెడలోనే ఉంటుంది. గట్టిగా ఒకసారి ఊది, ఇద్దర్నీ చెరో పక్కన నిలబెట్టారు.

"ఇందులో కొనాల్సిన సామాన్లెన్ని?"

"రెండు నాన్నా. ప్రాసెసర్, అది కూర్చునే మదర్‌బోర్డు."

"అయితే గొడవేముంది? చెరిసగం. ఒకళ్ళు ఇది తెండి, ఇంకొకళ్ళు అది తెండి. టాస్ వేస్తాను."

బొమ్మ పడింది. ప్రాసెసర్ మొగుడి వంతు, బోర్డు తమ్ముడి వంతు. ఇద్దరూ కిక్కురుమనకుండా ఒప్పుకున్నారు. ఒప్పుకోవడమేమిటి, ఇద్దరి ముఖాలూ వెలిగిపోయాయి. జీవితంలో మొదటిసారి తన తీర్పు మీద ఎవరూ అరవలేదని మామగారు మురిసిపోయారు.

ఆ వెలుగు వెనక సంగతి వేరే ఉంది. ఎర్ర ప్రాసెసర్‌కు దాని బోర్డే కావాలి, నీలందానికి దాని బోర్డే. ఒకదాని సాకెట్‌లో ఇంకోటి కూర్చోదు. ఇది మామగారికి తెలియదు, కోడలికీ తెలియదు. ఆ ఇద్దరికీ నిక్షేపంగా తెలుసు. 'నేను ఎర్రది తెచ్చాక చచ్చినట్టు దానికి తగ్గ బోర్డు తేవాల్సిందేగా' అని మొగుడు. 'నేను నీలం బోర్డు తెచ్చాక బావ ఏం చేస్తాడు పాపం' అని తమ్ముడు. ఎవడికి వాడు గెలిచాననుకుని, రెండోవాడికి ఒక్క ముక్క చెప్పకుండా దుకాణానికి వెళ్ళొచ్చాడు.

గురువారం సాయంత్రం రెండు పెట్టెలూ భోజనాల బల్ల మీదికి చేరాయి. సీళ్ళు విప్పారు. మొగుడు ప్రాసెసర్‌ను బోర్డు మీద అటు తిప్పీ ఇటు తిప్పీ పెట్టి చూశాడు.

"ఏమైందర్రా?" అన్నారు మామగారు.

"ఇది అందులో పట్టదు మావయ్యా," అన్నాడు తమ్ముడు.

"కొంచెం గట్టిగా నొక్కండి."

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఇక్కడ ఒక్కటీ ఇమడలేదు. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ పెట్టెలు చంకన పెట్టుకుని దుకాణానికి పోయారు. దుకాణదారు చాలా మంచివాడు. "రెంటిలో ఏదో ఒకటి ఇవ్వండి, మార్చి ఇస్తాను," అన్నాడట. ఆ ఒకటీ ఏదన్న దగ్గరే మళ్ళీ మొదలైంది. నువ్వు మార్చంటే నువ్వు మార్చు.

ఇంట్లో డిజైనరమ్మకు శనివారం ముంచుకొస్తోంది. కనీసం తన బొమ్మలున్న డిస్కునైనా ఊడదీసి ఎవరింటికైనా పట్టుకెళ్దామని, స్క్రూలు విప్పి పాత కంప్యూటర్ మూత లాగింది. లోపల చూసి నోరు తెరిచింది. ప్రాసెసర్‌ను చల్లబరిచే ఫ్యాను కనబడటం లేదు. దాని రెక్కల మధ్య రంపపు పొట్టు గట్టిగా అట్టకట్టి ఉంది. ఎన్నాళ్ళ పొట్టో! షెడ్డులో కోసిన ప్రతి తలుపూ, ప్రతి బల్లా తలా పిడికెడు అందులో దాచిపెట్టి పోయాయి. పాపం, ఊపిరాడక, వేడెక్కి ఆరిపోతోందన్నమాట.

పెయింటు బ్రష్షు తెచ్చి ఓపిగ్గా ఊడ్చింది. పొట్టునంతా ఒక పళ్ళెంలోకి ఎత్తింది. మూత పెట్టి స్విచ్చి వేసింది. కంప్యూటర్ కిక్కురుమనకుండా పనిచేసింది. ఆరిపోతుందేమోనని తెర వంకే చూస్తూ కూర్చుంది. ఆరిపోలేదు. సాయంత్రం ఇద్దరు వీరులూ అవే రెండు పెట్టెలతో తిరిగొచ్చేసరికి, తెర మీద బేకరీ వెలుగుతోంది.

"ఇదెలా వచ్చింది?" అన్నాడు మొగుడు.

ఆవిడ పళ్ళెం చూపించింది. "మీరు రెండ్రోజులు కొట్టుకున్నది దీని కోసం. కావాలంటే చెరిసగం పంచుకోండి."

ఇద్దరూ పొట్టు వంక చూశారు. మాట్లాడటానికి ప్రాసెసర్లేమీ మిగల్లేదు కాబట్టి, తప్పనిసరై బొమ్మ వంక చూశారు. చాలాసేపు చూశారు.

"అక్కా, ఈ అల్మారా తలుపు తీస్తే బిల్లు దగ్గర నిలబడ్డ మనిషికి మోచేయి తగలదూ?" అన్నాడు తమ్ముడు నెమ్మదిగా.

నిజమే. ఇన్నాళ్ళూ ఆవిడకు తట్టలేదు. ఆవిడ ఒళ్ళు ఝల్లుమంది, తప్పు దొరికినందుకు కాదు, ఒకళ్ళు చూసినందుకు.

"కుడివైపు తెరుచుకునేలా పెట్టు," అన్నాడు మొగుడు.

"ఎడమవైపు పెట్టక్కా!"

"కుడి అంటుంటే!"

"రెండూ కాదు. పక్కకు జరిపే తలుపు పెడతాను," అని ఆవిడ మౌస్ అందుకుంది.

శనివారం బేకరీ యజమానురాలు వచ్చి, ఆ జరిపే తలుపు దగ్గరే ఆగిపోయింది. ఇప్పుడున్న షాపులో మోచేతులు తగిలించుకుని విసిగిపోయిన మనిషి. అన్ని షాపులూ మీరే చేయండి అని చెప్పి వెళ్ళింది. మొగుడూ తమ్ముడూ తలుపు చాటు నుంచి అంతా విన్నారు. ఇద్దరూ ఒకేసారి చప్పట్లు కొట్టారు. డిజైనరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

సోమవారం ఆవిడే ఆ పెట్టెలు రెండూ పట్టుకుని దుకాణానికి వెళ్ళింది. అందులో ఒకటి మార్చుకుంది. ఏది మార్చిందో ఎవరికీ చెప్పలేదు. కొత్త కంప్యూటర్ బిగించి, మీద కంపెనీ పేరు చెప్పే స్టిక్కర్లు గోకి పారేసింది. మూతకు తాళం వేసి, పాస్‌వర్డ్ కూడా తన దగ్గరే ఉంచుకుంది.

"ఇంత చప్పుడు లేకుండా ఉందంటే మాదే," అంటాడు మొగుడు దానికి చెవి ఆనించి.

"ఇంత చల్లగా ఉందంటే మాదే," అంటాడు తమ్ముడు చెయ్యి వేసి.

మా పార్టీ పరువు పోకూడదని ప్రతి ఆదివారం బ్రష్షు కోసం పోటీ పడతారు. మామగారు ఈల వేసి వంతులేస్తారు. ఆ కంప్యూటర్ మీద ఇంతవరకు దుమ్ము కణం నిలవలేదు. నువ్వు బిగించినదేదో నిజం చెప్పమ్మా అని మామగారే ఒకసారి గుట్టుగా అడిగారు.

"చెబితే రేపట్నుంచి ఒకళ్ళే తుడుస్తారు మామయ్యా," అంది డిజైనరమ్మ.