ఎడంపురి నూలు

రెండువేల రెండు, శ్రావణమాసం. టెక్కలిలో భాగ్యశ్రీ ఇంటి వరండాలో గట్టి దిండు మీద తెల్లని లేసు పరిచి ఉంది. చుట్టూ గుండుసూదులు, దారం చుట్టిన చిన్న చిన్న కర్ర కండెలు. కండెలను ఒకదాని మీదుగా ఒకటి దాటిస్తూ అల్లే ఈ పని ఆమెకు నేర్పింది మిషన్ బడిలో కుట్టుపని చెప్పిన కమలకుమారి టీచరు. కన్నుమూసేముందు ఈ పాత లేసును కూడా ఆవిడే చేతిలో పెట్టింది. "మిషన్ దొరసానమ్మ వాళ్ల దేశం నుంచి తెచ్చింది, జాగ్రత్త" అంది.

జాగ్రత్తగానే ఉంచింది. అయినా కిందటి వానాకాలం పెట్టెలో ఎలుక దూరింది. జానెడు మేర పోయింది. సోమవారం పలాసలో పాత చేతిపనుల ప్రదర్శన. ఆలోగా అతుకు తెలియకుండా బాగుచెయ్యాలి, లేకపోతే టీచరుగారి లేసు పెట్టెలోనే ఉండిపోతుంది. విలాయతి లేసుకు విలాయతి దారమే పడుతుందని విశాఖపట్నం నుంచి తెప్పించింది. మూడుసార్లు అల్లింది. తడిపి ఆరబెట్టగానే మూడుసార్లూ ఆ జానెడూ వేయించిన అప్పడంలా ముడుచుకుపోయింది.

"ఎండు నెత్తళ్లు తెచ్చినాను తల్లీ!" భావనపాడు ఎర్రమ్మ ఎండుచేపల గంప దించి మెట్టు మీద కూలబడింది. డెబ్బై ఏళ్లొచ్చినా వారం వారం వస్తుంది. "ఏటా మొకం? ఎవురి మీద కోపం?"

"ఈ దారం మీద."

ఎర్రమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని వంగి చూసింది. పాత లేసు అంచున వేలాడుతున్న పోగును రెండు వేళ్ల మధ్య దొర్లించింది. కొత్త దారాన్నీ అలాగే దొర్లించి పకపకా నవ్వింది.

"నీ సదువు సంతకెల్లా! ఇది ఎడంపక్కకి పేనిన ఎడంపురి, అది కుడిపురి. రెండూ కలిపితే ఎదురు తిరగవా? మా ఇళ్లల్ల కోడలు ఇలాగ వల బాగుసేత్తే అత్త ఆ వల మొకాన కొడతాది."

"విలాయతిలో అలా పేనుతారేమో."

"ఏ విలాయితీ? ఇది మా యమ్మ దాలమ్మ నూలు."

భాగ్యశ్రీ నవ్వబోయి ఆగింది. ఎర్రమ్మ నవ్వడం లేదు.

"మా యమ్మది ఎడం సెయ్యి. ఎడం తొడ మీద పేనీది. ఊరందరిదీ ఓ దారి, దాని నూలుదో దారి. వలకి పనికిరాదని మా అయ్య తిట్టీవోడు. యుద్ధం రోజుల్ల ఓడలు ఆగిపోయి దొరసానికి దారం రానేదు. సన్నంగా పేనిమ్మని మా యమ్మనే అడిగింది. ఇచ్చీడానికి నానూ ఎల్లీదాన్ని."

భాగ్యశ్రీ భూతద్దం తెచ్చింది. పోగు మిల్లు దారంలా నున్నగా లేదు. అక్కడక్కడ లావెక్కి మళ్లీ సన్నబడింది. ఆ లావులన్నీ పాతబడి ఉబ్బినవని ఇన్నాళ్లూ అనుకుంది.

"మరి నువ్వు పేనగలవా?"

"నాది కుడి సెయ్యి గదా. ఎనక్కి తిప్పాల."

భాగ్యశ్రీ పాత పొందూరు ఖద్దరు ముక్క నుంచి సన్నపోగులు లాగి ఇచ్చింది. ఎర్రమ్మ కోక మోకాలి పైకి జరిపి తొడ మీద పేనడం మొదలుపెట్టింది. మొదటిది తెగింది. రెండోది మెలికపడింది. "సచ్చి ఏ లోకంలో ఉందో గాని నన్నింకా ఏడిపిత్తంది మా యమ్మ" అని తిట్టుకుంటూనే ఆ రోజూ మర్నాడూ కూర్చుని కావలసినంత పేనింది.

ఆ నూలుతో భాగ్యశ్రీ ఆ జానెడూ నాలుగోసారి అల్లింది. ఆదివారం లేసు తడిపి ఆరబెట్టారు. భాగ్యశ్రీ భయపడుతూ అతుకు మీద అరచెయ్యి ఆనించింది. చదునుగా, బుద్ధిగా పడుంది.

ప్రదర్శన కాగితం మీద ముందు రాసిన 'విలాయతి లేసు' కొట్టేసి, "అల్లిక: మిషన్ దొరసాని. నూలు: దాలమ్మ, భావనపాడు" అని రాసి చదివి వినిపించింది.

ఎర్రమ్మ మూతి ముడిచింది. "దొరసాని పైనా, మా యమ్మ కిందానా?"

"అల్లింది ఆవిడ కదా."

"నూలు నేకపోతే ఏటల్లుద్ది, తలెంట్రుకలా?"

భాగ్యశ్రీ రాసిన కాగితం పక్కన పెట్టేసింది. కొత్త కాగితం తీసి, ముందుగా దాలమ్మ పేరు రాసింది.