పాత లాంతరు పిల్ల, కొత్త లాంతరు పిల్ల

ప్రతి ఆదివారం మధ్యాహ్నం గాయత్రి వంటిల్లు సర్దుకుని ఆళ్లగడ్డలో నంద్యాల బస్సు ఎక్కేది. ఆమెకు నలభై దాటింది. ఆ వయసులో వారం వారం వీడియో గేమ్ ఆడడానికి నంద్యాల పోతున్నదని తెలిసినా ఇరుగుపొరుగు ఎవరూ వింతగా చూడలేదు. పుట్టింటికి పోయివస్తున్నట్టే చూశారు. నిజానికి అది పుట్టిల్లు వంటిదే. నంద్యాల స్టేషను వీధిలో ఇమ్మానుయేలు నడిపే ఆటల గదిలోనే ఆమె బాల్యంలో సగం గడిచింది.

ఇమ్మానుయేలు ఆరాధన ముగించుకుని వచ్చి, భోంచేసి, చర్చికి వేసుకున్న ఇస్త్రీ చొక్కా విప్పకుండానే గది తలుపు తీసేవాడు. భార్య మేరీ కుట్టిన మందపాటి బొంతను టీవీ ముందు పరిచేవాడు. పాత క్యాసెట్టును చేతిలోకి తీసుకుని, వేడి పాలు చల్లార్చినంత నెమ్మదిగా దాని అంచున ఊది, యంత్రంలో పెట్టేవాడు. తెర మీద నీలాకాశం, కింద గుట్టలు, ఒక గుట్ట అంచున లాంతరు పట్టుకుని నిలుచున్న రెండు జడల పిల్ల కనిపించేవి. పెట్టె మీది పేరు ఏదో పరదేశపు లిపిలో ఉండేది గనుక నంద్యాల పిల్లలు ఆ ఆటకు తామే లాంతరు పిల్ల అని పేరు పెట్టుకున్నారు. గుట్ట నుంచి గుట్టకు దూకుతూ, గబ్బిలాలను తప్పించుకుంటూ పోయి, చివరి కొండ మీది దీపాన్ని వెలిగించడమే ఆట.

ఆ పిల్ల దూకినప్పుడల్లా ఆడుతున్న మనిషి కూడా బొంత మీది నుంచి గాలిలోకి లేచేవాడు. కొత్తవాళ్లు బెత్తెడు లేచేవారు, చెయ్యి తిరిగినవాళ్లు జానెడు. అందుకే ఆ గదికి పంకా బిగించలేదు. ఆడేవాళ్ల నడుముకు ఒక తువ్వాలు కట్టి, దాని కొసను వంతు కోసం కాచుకున్నవాళ్ల చేతికి ఇవ్వడం అక్కడి పద్ధతి. ఆట ముగిసేదాకా ఆ కొసను వదలకూడదు, మరొకరికి అందించకూడదు. ఆడడం అయిపోయాక, చెప్పులు తొడుక్కునే ముందు, ఆట ఎట్లా ఉందో ఒక మాట చెప్పి మరీ గడప దాటాలి. గాయత్రి పదో తరగతిలో ఉన్నప్పుడు ఏకంగా మూరెడు లేచింది. స్టేషను వీధి ఆ సంగతిని ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇన్నేళ్ల తరువాత ఆ ఆటను కొత్తగా మలిచి మళ్లీ విడుదల చేశారు. ఇమ్మానుయేలు మనవరాలు షాలిని, డిగ్రీ చదువుతున్న పిల్ల, దాన్ని తెచ్చి పాత టీవీ పక్కనే పెద్ద తెర మీద పెట్టింది. కొత్త ఆటలో గుట్టల మీద గడ్డి ఊగుతుంది, పిల్ల జడలు గాలికి కదులుతాయి, లాంతరు వెలుగు రాళ్ల మీద పాకుతుంది. పాతదాంట్లో పిల్ల లోయలో పడితే చచ్చినట్టే, ఆట మొదటికి వస్తుంది, ఆడుతున్నవాళ్లు బొంత మీద దబ్బున పడతారు. కొత్తదాంట్లో ఆ లాంతరు గొడుగులా విచ్చుకుని పిల్లను నెమ్మదిగా దించి మళ్లీ అంచున నిలబెడుతుంది. ఆడేవాళ్లు లేచేది నాలుగు వేళ్ల ఎత్తే. కానీ దిగేటప్పుడు చింతాకు రాలినట్టు దిగుతారు.

దీని మీద ఆ గది రెండుగా చీలిపోయింది. బియ్యం మిల్లులో పనిచేసే అజయ్ కుమార్ పాతదాని పక్షం. దెబ్బ తగలకపోతే దూకేదెందుకని అతని వాదం. షాలిని ఊరుకునే పిల్ల కాదు.

“అన్నా, నువ్వు ముప్పై ఏండ్ల నుంచి మూడో గుట్ట కాడనే పడతాండావ్. దెబ్బ తగిలి నేర్చుకున్నదేందో చెప్పు.”

“పడేది నేర్చుకున్నాలే పాపా. నా మాదిరి పడేటోడు ఈ జిల్లాలో లేడు,” అన్నాడు అజయ్ కుమార్.

గాయత్రి కూడా పాతదాని పక్షమే. కొత్త ఆట బొమ్మలు కళ్లకు ఇంపుగా ఉన్నాయని ఒప్పుకుంది, సంగీతంలో ఆ పాత పీపీ శబ్దం పోయిందని నొచ్చుకుంది, చివరకు తన తీర్పు చెప్పింది. “ఇది ఆట కాదు చిన్నాయనా, జోలపాట.” ఇమ్మానుయేలును ఆ వీధి పిల్లలందరూ చిన్నాయనా అనే పిలిచేవారు. ఆయన తల ఊపాడే గాని, ఏ పక్షమూ తీసుకోలేదు.

ఆటను గురించి అంత గట్టిగా మాట్లాడే గాయత్రి మనసు నిండా మరొక దిగులు ఉండేది. ఆమె భర్త శ్రీకాంత్ ఆళ్లగడ్డ శిల్పి. అహోబిలం దారిలోని ఒక ఊరి కోసం అతడు నల్లరాతిలో పెద్ద ఆంజనేయుణ్ణి చెక్కాడు. ఇరవై అడుగుల విగ్రహాన్ని పీఠం మీద నిలబెట్టాక, దాని కళ్లను ఉలితో తెరవడానికి పరంజా ఎక్కిన రోజున కాలి కింది పలక జారి అతడు కింద పడ్డాడు. విరిగిన కాలు అతుక్కుంది. కానీ ఆ తరువాత అతడు ముక్కాలి పీట కూడా ఎక్కలేకపోయాడు. మంచం మీద పడుకోవడం మానేసి, దాన్ని గోడకు ఆనించి, నేల మీద చాప వేసుకున్నాడు. గాయత్రి తన దిండు కూడా చాప మీదికే తెచ్చుకుంది.

ఆళ్లగడ్డ శిల్పుల ఇళ్లలో ఒక కట్టుబాటు ఉంది. ముఖం మలిచిన చెయ్యే కన్ను తెరవాలి. మరొక చెయ్యి వచ్చి తెరిస్తే, మొదటివాడు ఇక జన్మలో ముఖం చెక్కకూడదు. రుబ్బురోళ్లో, గడపరాళ్లో చెక్కుకుని బతకాలి. విగ్రహం చేయించిన రామేశ్వరమ్మ, ఆ ఊరి పెద్ద రైతు ఇంటి ఆవిడ, నెలల తరబడి ఓపిక పట్టి, చివరకు తానే ఆళ్లగడ్డ వచ్చింది. శ్రీకాంత్ ఎదుట చాప మీదనే కూర్చుని నిదానంగా చెప్పింది.

“కార్తీక పున్నమి దాకా సూస్తా నాయనా. ఆ పైన వేరే చేతిని పిలిపిస్తా. సామిని చూపు లేకుండా ఎన్నాళ్లని పెట్టుకుందును?”

ఆవిడ వెళ్లిన తరువాత శ్రీకాంత్ పెరట్లో కూర్చుని తన ఉలులన్నీ తుడిచాడు. సన్నవి ఒక పక్కన, మోటువి ఒక పక్కన పెట్టి, సన్నవాటిని గుడ్డలో చుట్టి అటకమీద పెట్టమని భార్యను అడిగాడు. గాయత్రి ఆ మూటను అటకమీద పెట్టలేదు. బియ్యం డబ్బాలో దాచింది.

ఆ ఆదివారం ఆమె భర్తను కూడా నంద్యాలకు వెంటబెట్టుకుపోయింది. లేవడం మరిచిపోయిన మనిషికి లేవడం మళ్లీ అలవాటు చేస్తే చాలునని ఆమె నమ్మకం. అతని నడుముకు తువ్వాలు తానే కట్టి, కొస తానే పట్టుకుని, పాత ఆట పెట్టించింది. లాంతరు పిల్ల మొదటి గుట్ట మీంచి దూకింది. శ్రీకాంత్ బెత్తెడు లేచాడు. రెండో దూకుకు పిల్ల లోయలో పడింది, అతడు బొంత మీద దబ్బున పడ్డాడు. పడింది బెత్తెడెత్తు నుంచే. అయినా రెండు చేతులా బొంతను పట్టుకుని, ఎంతసేపటికీ వదలలేదు. అజయ్ కుమార్ కూడా పరిహాసం ఆడలేదు. మేరీ మంచినీళ్లు తెచ్చింది. చెప్పులు తొడుక్కునే ముందు అతడు చెప్పవలసిన మాటను ఆ రోజు ఇమ్మానుయేలు అడగలేదు.

తిరుగు బస్సులో గాయత్రి తన తొందరపాటుకు తానే కుమిలిపోతూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. సగం దారిలో శ్రీకాంత్ తానే నోరు విప్పాడు.

“పైకి పోయేదానికి నాకు భయం లేదు గాయత్రీ. ఎక్కేటప్పుడు నా కన్ను రాయి మీదనే ఉంటుంది. దిగేదే... నాకిప్పుడు దిగేదనేది లేదు. పడేదొకటే ఉండాది.”

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. బస్సు ఆళ్లగడ్డ చేరేదాకా వదలలేదు. మూరెడు లేచిన మనిషిగా ఆమె ఇన్నేళ్లూ లేవడం గురించే ఆలోచించింది. ఎట్లా దిగిందో ఎవరూ అడగలేదు, ఆమెకూ గుర్తు లేదు.

మరుసటి ఆదివారం ఆమె గదిలోకి వస్తూనే, ఈ రోజు తన భర్తకు కొత్త ఆట పెట్టమని షాలినిని అడిగింది. అజయ్ కుమార్ ఆ అవకాశం కోసమే పుట్టినట్టు మొహం పెట్టాడు.

“ఏందక్కా, అది జోలపాట అంటివే?”

“అంటినప్పా. మాకిప్పుడు అదే కావాల,” అంది గాయత్రి, తువ్వాలు ముడి వేస్తూ.

శ్రీకాంత్ ఆ ఆటను అందరిలా ఆడలేదు. చివరి కొండ మీది దీపం వంక చూడనే లేదు. పిల్లను మొదటి గుట్ట అంచుకు నడిపించుకుపోయి, కావాలని లోయలోకి దింపేవాడు. లాంతరు విచ్చుకునేది, పిల్ల దిగేది, నాలుగు వేళ్ల ఎత్తు నుంచి అతడూ దిగేవాడు. మళ్లీ అదే చేసేవాడు. మొదట్లో కళ్లు మూసుకుని దిగాడు. తరువాత కళ్లు తెరిచి, తన పాదాలకేసి చూసుకుంటూ దిగాడు. వారాలు గడిచేకొద్దీ ఆ నాలుగు వేళ్ల దూరం దిగడానికి అతనికి పట్టే సమయం పెరుగుతూ వచ్చింది. ఒక ఆదివారం అతడు గాలిలో ఉండగా అజయ్ కుమార్ బయటికి పోయి టీ తాగి వచ్చాడు. వచ్చేసరికి శ్రీకాంత్ ఇంకా ఒక వేలెత్తున ఉన్నాడు.

“తొందరేం లేదులేప్పా, నా వంతు వచ్చే వారం ఆడుకుంటా,” అని అజయ్ కుమార్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

ఆ సాయంత్రం శ్రీకాంత్ గడప దగ్గర ఆగి, అడగకముందే తన మాట చెప్పాడు. “నేల యాడికీ పోదని చెబుతాండాది ఈ ఆట.” ఇమ్మానుయేలు చాలాసేపు తల ఊపి, చిలక్కొయ్యకు వేలాడుతున్న తువ్వాలు తీసి మడతపెట్టి గాయత్రి చేతికి ఇచ్చాడు. ఆ గది దాటి ఆ తువ్వాలు బయటికి పోవడం అదే మొదటిసారి.

“కొస వదలద్దు పాపా,” అని మాత్రం అన్నాడు.

కార్తీక పున్నమి ఉదయం ఆ ఊరివాళ్లు విగ్రహం చుట్టూ పరంజా కట్టారు. రామేశ్వరమ్మ పళ్లెంలో పసుపు, కుంకుమ, టెంకాయ సిద్ధం చేసుకుని కుర్చీలో కూర్చుంది. గాయత్రి బియ్యం డబ్బాలోంచి తెచ్చిన మూట విప్పి సన్నని ఉలులు భర్తకు అందించింది. అతని నడుముకు తువ్వాలు కట్టింది. కొస పట్టుకుంది గాని, అతడు నిచ్చెన రెండో మెట్టు ఎక్కేసరికే అది ఆమె చేతిలోంచి పైకి పోయింది. ఇరవై అడుగులకు ఆ తువ్వాలు ఏం సరిపోతుంది! ఆమె ఎత్తిన చెయ్యి దించకుండా అట్లాగే నిలబడింది.

పైన శ్రీకాంత్ చిన్న అద్దం పట్టుకుని, ఆచారం ప్రకారం స్వామి ముఖంలోకి నేరుగా చూడకుండా, అద్దంలో చూస్తూ పని మొదలుపెట్టాడు. ఉలి శబ్దం తప్ప వేరే శబ్దం లేదు. రాతిపొడి వెన్నెల పొడిలా కిందికి రాలి గాయత్రి చేతి మీద పడింది. కుడి కన్ను తెరుచుకుంది. ఎండ నడినెత్తికి వచ్చేవేళకు ఎడమ కన్ను కూడా తెరుచుకుంది. కింద ఉన్నవాళ్లు చేతులు జోడించారు.

శ్రీకాంత్ ఉలిని నడుములో దోపుకుని నిచ్చెన వైపు తిరిగాడు. తిరిగి, ఆగిపోయాడు. పరంజా కర్రను పట్టుకున్న అతని వేళ్లు తెల్లబడడం కింది నుంచే గాయత్రికి కనిపించింది. ఆమె తన చెయ్యి మరి కాస్త పైకి ఎత్తింది.

అతడు తన పాదాలకేసి చూసుకున్నాడు. ఆ తరువాత నిచ్చెనను విడిచి, పలక అంచుకు వచ్చి, ఒక పాదాన్ని గాలిలో పెట్టాడు.

స్వామి గడ్డం పక్కగా, రొమ్ము పక్కగా, గద పట్టిన పిడికిలి పక్కగా అతడు దిగుతూ వచ్చాడు. గాలికి పంచె కొంచెం ఉబ్బింది. దారిలో గద మీద మిగిలిపోయిన రాతిపొడిని అరచేత్తో తుడిచాడు కూడా. రామేశ్వరమ్మ ఈలోగా టెంకాయ కొట్టించి, హారతి వెలిగించమని పూజారికి చెప్పి, మళ్లీ తలెత్తి చూసింది.

“అడుగు సూసి పెట్టు నాయనా. టెంకాయ నీళ్లు పడినాయి ఆడ, జారుతాది.”

అతని కన్నా ముందుగా తువ్వాలు కొస వచ్చి గాయత్రి చేతికి అందింది. ఆమె దాన్ని పిడికిట బిగించింది. అతని పాదాలు తడి లేని చోట నేల మీద ఆనేదాకా వదలలేదు, ఆనిన తరువాత కూడా వదలలేదు.

తిరిగి వస్తుండగా ఇమ్మానుయేలు ఫోను చేశాడు. క్షేమం అడిగి, కళ్లు ఎట్లా కుదిరాయో అడిగి, ఆయన తన పద్ధతి ప్రకారం చివరి ప్రశ్న కూడా అడిగాడు. ఆ కొత్త ఆట గురించి ఆమె అభిప్రాయం మారిందా, లేక పాతదేనా అని.

“ఎత్తేదాంట్లో పాతదాని తరువాతనే చిన్నాయనా ఏదైనా. అది నేను మార్చుకోను,” అంది గాయత్రి. “కొత్తదాన్ని మాత్రం తీసేయద్దని షాలినికి చెప్పు. నేనూ ఒకపారి దిగి సూడాల.”

ఆమె ఇల్లు చేరి తువ్వాలు ఉతికి తీగ మీద ఆరవేసి లోపలికి వచ్చేసరికి, శ్రీకాంత్ గోడకు ఆనించిన మంచాన్ని వాల్చి, దుమ్ము తుడిచి, దాని మీద రెండు దిండ్లూ పక్కపక్కన పెడుతున్నాడు.