నేరేడు సోడా

నాకు నోరెక్కువ. ఆ సంగతి సారపాకలో మా వీధి వీధంతటికీ తెలుసు. పెళ్లయిన మూడో రోజే మా ఆయన వీరన్నను పట్టుకుని "నీ పీనుగెల్ల, తడి తువ్వాల మంచమ్మీదేస్తవా?" అన్నానట. నాకు గుర్తులేదు. ఆయన మాత్రం పదహారేళ్లు ఆ ముక్క కనబడ్డవాళ్లందరికీ చెప్పి నవ్వాడు. తిట్టకుండా నేను అన్నం కూడా వడ్డించలేనని వీరన్న వేళాకోళం. నిజమే. తిడితేనే నాకు చెయ్యి ఆడుతుంది.

మాది సోడాల ఇల్లు. ముందు గదిలో గోలీసోడా మిషను, పక్కన మనిషంత గ్యాసు బండ, గోడ పొడుగునా సీసాల డబ్బాలు. వెనక గదిలో పొయ్యి, మంచం, మేమిద్దరం. పిల్లల్లేరు. మామూలు సోడా ఎవడైనా పడతాడు. మా దగ్గర పండ్ల సోడా దొరికేది. నిమ్మ, ద్రాక్ష, పైనాపిల్, వానలు మొదలైతే నేరేడు. బజారులో అమ్మే రంగు ఎసెన్సులంటే వీరన్నకు ఒళ్లుమంట. పండు ఉడికించాలి, పిసకాలి, గుడ్డలో వడగట్టాలి, పంచదార వేసి పాకం పట్టాలి. చల్లారాక సీసాలో రెండు చెంచాలు పోసి, నీళ్లు నింపి, మిషనులో పెట్టి చక్రం తిప్పాలి. లోపల గ్యాసు ఎక్కుతుంటే గోలీ వచ్చి మూతికి బిగుసుకుంటుంది. ఎన్ని చుట్లకు ఆపాలో ఆయనకు చప్పుడును బట్టి తెలిసేది. నేను లెక్కపెట్టి తిప్పుతాను, అయినా ఒకటి చప్పగా, ఒకటి ముక్కులోకి ఎక్కేలా వస్తుంది. కాగితం మిల్లులో షిఫ్టు దిగిన కాంట్రాక్టు లేబరు మా గుమ్మం ముందు సైకిళ్లు ఆపి, తాగి, తేన్చి మరీ పోయేవాళ్లు.

రెండువేల ఏడు దసరా వెళ్లిన వారానికి ఆయన కాళ్లు వాచాయి. తర్వాత మొహం వాచింది. ఏదో నీరు పట్టిందిలే అనుకున్నాం. ఖమ్మం పెద్ద దవాఖానాకు పోతే పరీక్షలన్నీ చేసి, రెండు కిడ్నీలూ పనిచేయడం లేదు, వారానికి రెండుసార్లు వచ్చి మిషను మీద రక్తం కడిగించుకోవాలి అన్నారు. ఆ దవాఖానా డాక్టరు వెంకటరామారావు గారు నెమ్మదస్తుడు. నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. "అమ్మా, ఈయన ఒంట్లోంచి నీళ్లు బయటకు పోవు. కాబట్టి లోపలికి పంపకూడదు. రోజుకు అర లీటరు లోపే. చాయ్, మజ్జిగ, మాత్ర మింగే నీళ్లు, అన్నీ అందులోనే. పండ్లు అసలే వద్దు, పండ్ల రసం గుండెను ఆపేస్తుంది."

ఎవరింట్లో చెప్పాల్సిన మాట, ఎవరింటికొచ్చి పడింది! సోడాలు మానేద్దామా అంటే, ఖమ్మం బస్సు ఎక్కించేవి ఆ సోడాలే. గోలీసోడా సీసాలో రెండు వందల మిల్లీ పడుతుంది. అందుకని పొద్దున లేవగానే రెండు ఖాళీ సీసాలు నీళ్లతో నింపి మంచం పక్కన పెట్టేదాన్ని. ఆ రోజుకు అవే. మధ్యాహ్నానికి ఒకటి అయిపోయేది. ఆ తర్వాత మొదలయ్యేది ఏడుపు.

"సరళా, దూపయితాందే. ఒక్క గుక్క."

"గుక్క లేదు, గిక్క లేదు. సచ్చినోడా, పొద్దుందాక ఆ సీసనే నీకు."

"నోట్ల తడి లేదే. నాలుక అంగిటికి అంటుకుంటాంది."

"అంటుకుంటె అంటుకోనియ్. నీ పాడె గట్ట, నీకు నీళ్లు బోసి నేను జైలుకు పోవాల్నా?"

ఇట్లా రోజూ. నేను ముందు గదిలో చక్రం తిప్పుతుంటే వెనక గదిలోంచి ఆ చప్పుడు వింటూ పడుకునేవాడు. "ఇంకో రెండు చుట్లు తిప్పు, చప్పగ ఉంటది" అని అక్కణ్ణుంచే అరిచేవాడు. ఎవరో గుమ్మంలో గోలీ నొక్కితే కీచుమని గ్యాసు పోయే చప్పుడు వచ్చేది, గుటగుట తాగే చప్పుడు వచ్చేది. అప్పుడు ఆయన మొహం గోడకు తిప్పేవాడు. నేను పిడికెడు ఐసు ముక్కలు తెచ్చి నోట్లో ఒకటి వేసేదాన్ని, అది కరిగితే ఎన్ని చుక్కలవుతుందో ఆ సీసాలోంచి తీసేసేదాన్ని. అంత కసాయిదాన్ని అయ్యాను.

మే నెలలో, రోహిణి కార్తె ఎండలు. సీసాలు కడిగి, బజారులో ఒక దుకాణానికి రెండు డబ్బాల సోడాలు దించి వచ్చేసరికి మంచం మీద మనిషి లేడు. పెరట్లో ఉన్నాడు. సీసాలు కడిగిన తొట్టి దగ్గర గొంతుకూర్చుని, ఆ సబ్బు నీళ్లు రెండు దోసిళ్లతో తాగుతున్నాడు. ఎంతసేపటి నుంచో తాగుతున్నట్టున్నాడు, లుంగీ అంతా తడిసింది.

నేను ఆ రోజు తిట్టిన తిట్లకు వీధి వీధంతా వచ్చి గోడల మీంచి చూసింది. "నీ దినాలు జెయ్య, కుక్క తాగుతదా గా నీళ్లు! సావాలనుంటె గోదాట్ల వడు, నా చేతుల మీద సావకు!" అన్నాను. ఆయన తల దించుకుని, "దూప ఆగలేదే" అన్నాడు. అంతే అన్నాడు. ఇంట్లోకి నడిపించుకొచ్చి, తలుపేసి, ఆయన్ను పట్టుకుని ఏడ్చాను. పొద్దుగూకేలోపు ఆయాసం ఎక్కువై జీపులో ఖమ్మం తీసుకుపోవలసి వచ్చింది. ఆ పూట గట్టెక్కాడు. నేను ఒక నిశ్చయానికి వచ్చాను. ఈ మనిషి బతకడమంటే నేను నీళ్లు ఇవ్వకపోవడం. ఆయన ఎంత ఏడ్చినా సరే, ఇవ్వకుండా ఉన్నంత కాలం ఆయన నాకుంటాడు. తొట్టి బోర్లించాను. నీళ్ల బిందె ముందు గదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి కొంగుకు కట్టుకున్నాను.

జూన్ మూడో వారంలో ఎప్పటిలాగే రక్తం కడిగించడానికి ఖమ్మం వెళ్లాం. లోపల గంటసేపు ఏదో చేశారు. మిషను మీద పెట్టకుండానే ఆయన్ను బయటకు తెచ్చి బల్ల మీద కూర్చోబెట్టి, నన్ను లోపలికి పిలిచారు. డాక్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అమ్మా, సూది వేయడానికి ఇక నరం దొరకడం లేదు. గుండె బాగా పెద్దదైపోయింది. మిషను మీద పెడితే తట్టుకోలేడు. ఇంక ఇంత దూరం తిప్పకండి. ఇంటి దగ్గరే ఉంచుకోండి. ఏమడిగితే అది పెట్టండి."

నేను వెంటనే, "నీళ్లు?" అన్నాను.

"ఇవ్వండమ్మా."

"ఎన్ని సార్?"

"అడిగినన్ని."

ఏమడిగితే అది పెట్టండి. మా నాయనప్పుడు ఈ మాట విన్నాను. మా పెద్దత్తప్పుడు విన్నాను. అక్షరం ముక్క రానివాళ్లకు కూడా దీని అర్థం తెలుసు. ఎనిమిది నెలలు గుక్కెడు నీళ్ల కోసం నాచేత ఆయన్ను ఏడిపించి, ఇప్పుడు అడిగినన్ని అంటావా అని ఆ బల్ల మీదున్న కాగితాలన్నీ విసిరికొడదామనిపించింది. డాక్టరు మాత్రం ఏం చేస్తాడు. నా అంత నోరున్నదాన్ని, "సరే సార్" అని దండం పెట్టి బయటకొచ్చాను.

వీరన్న గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. "ఏమన్నడే?"

"ఇంక రానక్కర లేదన్నడు. తగ్గుమొహం పట్టిందట. తిండి సుత కొంచెం సడలించమన్నడు."

"అవ్? నేను జెప్పలే? నిన్నటి సంది పానం తేలిగ్గ ఉంది." ఆయన కళ్లలో వెలుగొచ్చింది. "సోడా తాగొచ్చునా?"

"తాగొచ్చు."

"పండ్ల సోడా?"

"గదే తాగు."

బస్సులో పక్క సీటు ముసలాయనకు ఇల్లెందు దాకా చెప్పాడు, తనకు నయమైందని, ఇంటికి పోగానే నేరేడు సోడా తాగుతానని. ముసలాయన మంచిది బిడ్డా అన్నాడు. నేను కిటికీలోంచి జామాయిలు తోటలు చూస్తూ కూర్చున్నాను. చీర కొంగు నోట్లో కుక్కుకున్నానని కొత్తగూడెం వచ్చాక గాని నాకు తెలియలేదు.

మర్నాడు పొద్దున నాగక్క వచ్చింది. అడవి పల్లె నుంచి ఏటా మాకు నేరేడు పండ్లు తెచ్చే కోయ మనిషి. బుట్ట దించి, "మీ ఆయన ఎట్లున్నడు?" అంది.

"ఏమడిగితే గది పెట్టమన్నరు" అన్నాను మెల్లగా.

నాగక్క కొలిచిన పండ్ల మీద ఇంకో రెండు దోసిళ్లు పోసి, నా భుజం మీద చెయ్యి వేసి వెళ్లిపోయింది.

పాకం పట్టాను. ఇంతకాలం వెనక గది మంచం మీంచే చప్పుడు విన్నవాడు ఆ రోజు కుర్చీ వేయించుకుని మిషను దగ్గరే కూర్చున్నాడు. గింజలు తీసేటప్పుడు వేలు పెట్టి రంగు చూశాడు, గుడ్డ గట్టిగా పిండొద్దు, వగరొస్తుందన్నాడు. నేను సీసా పెట్టి చక్రం తిప్పుతుంటే తల పక్కకు వంచి విన్నాడు. "ఇంకో రెండు... ఇంకోటి... ఆపు." తీశాను. సీసా నిండా ఊదారంగు. పెళ్లికి పోయే పిల్లాడిలా తువ్వాలతో మొహం తుడుచుకుని కూర్చున్నాడు ఆయన. గోలీ నొక్కి, కింద పడకుండా సీసా ఆయన రెండు చేతుల మధ్యా పెట్టాను. ఆ చేతులు ఎంత సన్నబడ్డాయో అప్పుడే చూశాను.

"తాగు" అన్నాను. "నిమ్మళంగ తాగు. ఇంకా శానా ఉంది."

సీసా పెదాల దాకా తీసుకెళ్లినవాడు ఆగాడు. నా వైపు చూశాడు.

"ఏందే, తిట్టవా?"

"ఎందుకు తిట్టాలె? తాగు."

"డాక్టర్ ఏమన్నడు? నిజం జెప్పు."

"జెప్పిన గదా. తగ్గిందన్నడు."

"తగ్గితే నువ్వు తిడుదువు" అన్నాడు.

తిట్టాలి. ఒక్క తిట్టు తిడితే నమ్మేస్తాడు, హాయిగా తాగేస్తాడు. నోరు తెరిచాను. సచ్చినోడా అందామనుకున్నాను, గొంతు దాటలేదు. నీ పాడె గట్ట. నీ దినాలు జెయ్య. నిన్ను కాట్ల వెట్ట. నాకొచ్చినవన్నీ ఒక్కొక్కటే నోటి దాకా వచ్చి వెనక్కి పోయాయి. ఒక్కదాంట్లో కూడా చావు లేకుండా లేదు. పదహారేళ్లు ఆ మనిషిని ఏమని తిట్టానో నాకు అప్పుడు వినబడింది. చావు లేని తిట్టు ఒక్కటైనా నేర్చుకోలేదు కదా దేవుడా, ఇప్పుడేమనాలి, ఏమని తిట్టాలి ఈయన్ను? నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయాను.

ఆయన నా మొహం చూస్తూనే ఉన్నాడు. కళ్లు మూసుకుని రెండు గుక్కలు తాగాడు. గొంతు కదలడం కనబడింది.

"మంచిగ కుదిరింది" అన్నాడు.

సీసాలో ఇంకా ముప్పావు వంతు ఉంది. పెదాలు ఎండిపోయే ఉన్నాయి, నాలుకతో తడుపుకుంటున్నాడు. చూపు ఆ సీసా మీదే ఉంది. అయినా దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టి, నా వేళ్లను దాని చుట్టూ తనే మూశాడు.

"దాచిపెట్టు" అన్నాడు. "రేపు నేనడుగుతే ఇయ్యకు."