ఖాళీ గడుల ఊళ్ళు

ఐదేళ్ళ కిందట నేను వేసిన లెక్క ఈ ఏడాది నా మాటే వినలేదు.

ఆత్మకూరులో గొర్రెల జబ్బుల మీద పనిచేసే చిన్న ఆఫీసు మాది. మూతివాపు జబ్బుకు టీకాలు ఏ ఊరికి ఎన్ని పంపాలో చెప్పే ప్రోగ్రాం అప్పట్లో నేనే రాశాను. దాని మీద ఒక పరిశోధనా పత్రం కూడా అచ్చయింది. లోపలి లెక్కలన్నీ నేను చేసినవి కావు. ఎవరో రాసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టిన ప్యాకేజీ ఆ పని చేసేది.

ఈ మధ్య మా సారు రాజమోహన్ పిలిచి, "అమ్మా నిరోషా, పైనోళ్ళు నీ పేపర్‌నే నమ్ముకోనుండారు. ముందు పాత డేటా వేసి పాత జవాబే వస్తాదని చూపించు. ఆ తర్వాతే ఈసారి టీకాల సంగతి," అన్నారు.

అదేం పెద్ద పని? ఊరూరా సర్వే చేసి గొర్రెల సంఖ్య రాసుకొచ్చిన అదే డేటా, అదే ప్రోగ్రాం. నడిపాను. పేపర్లో ముప్పై ఒక్క ఊళ్ళుంటే ఇప్పుడు ముప్పై ఏడు వచ్చాయి. కొత్తగా వచ్చిన ఆరూ ఉదయగిరి కొండ కింద ఊళ్ళు. ఒక్కోదాని ఎదురుగా టీకాలు సున్నా. సగటులన్నీ తారుమారు.

నాకు తిక్క రేగింది. తవ్వి చూస్తే, ఈ ఐదేళ్ళలో ప్యాకేజీని మార్చేశారు. పాతదైతే పట్టికలో ఖాళీ గడి ఉన్న ఊరి వరుసను చడీచప్పుడు లేకుండా పక్కన పడేసేది. కొత్తది ఖాళీని సున్నాగా లెక్కిస్తోంది. ఇష్టం వచ్చినట్టు మార్చుకుంటూ పోతే మా పరువేం కావాలి? ఆ రాసినవాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టాను. అప్పట్లో ఏ వెర్షన్ వాడానో ఒక ముక్క రాసిపెట్టుకోని నా బుద్ధినీ తిట్టాను. ఆడలేక మద్దెల ఓడంటున్నానేమోనన్న అనుమానం మాత్రం రాలేదు.

నాలుగు రోజులు పట్టింది. పాత ప్యాకేజీని, దానికి సరిపడే పాత పైథాన్ ప్రోగ్రామింగ్ భాషను వెతికి పట్టుకుని, ఇక ఎవరూ కదపలేకుండా ఒకే మూటగా కట్టి నడిపాను. ముప్పై ఒక్క ఊళ్ళు! దశాంశాలతో సహా సరిపోయింది. సంతోషం పట్టలేకపోయాను. సారు అందరికీ టీ తెప్పించారు.

టీ తాగుతున్నానే గాని, ఆ ఆరు ఊళ్ళు మనసులో గుచ్చుకుంటున్నాయి. గొర్రెలే బతుకైన ఊళ్ళలో గొర్రెల గడి ఖాళీగా ఎందుకుంది? సర్వేకు పోయినవాళ్ళ సోమరితనమై ఉంటుందనుకుని, వాళ్ళనూ మనసులో నాలుగు తిట్టుకుని, మరునాడు ఉదయగిరి బస్సెక్కాను.

మొదటి ఊళ్ళోనే పెంచలమ్మ ఎదురైంది. అరవై దాటిన మనిషి, మందను మేపుకు తోలుకుపోతోంది.

"అవ్వా, నీకు జీవాలు ఎన్ని ఉండాయి?" అని అడిగాను.

ఆమె మొహం మాడిపోయింది. "ఏంది పాపా ఆ అడగడం? జీవాల్ని లెక్కబెట్టి నోటితో చెప్తారా ఎక్కడన్నా? దిష్టి తగిలి మందే పోతాది. అప్పుడెప్పుడో కాగితాలు పట్టుకోనొచ్చినాయనకీ ఇదే చెప్పినా. ఇక్కడ ఎవర్నడిగినా ఇదే చెప్తారు."

ఖాళీ గడి అంటే అదన్నమాట. కొత్త ప్యాకేజీ కనీసం ఆ ఊళ్ళ పేర్లన్నా చూపించింది. పాతదీ నేనూ కలిసి ఊళ్ళకు ఊళ్ళనే లేకుండా చేశాం. సర్వేకు వెళ్ళిన ఊళ్ళెన్ని, జవాబులో మిగిలినవెన్ని అని ఆనాడు ఒక్కసారైనా సరిచూసుకోలేదు. నాలుగు రోజులు కష్టపడి నేను తిరిగి నిలబెట్టింది ఆ తప్పునే. సిగ్గుతో చచ్చిపోయాను.

"పోనీ అవ్వా, ఒక సీసా టీకా మందు యాభై జీవాలకొస్తాది. నీకు ఎన్ని సీసాలు కావాల?"

"సీసాలైతే మూడు," అంది తడుముకోకుండా. "ఈసారన్నా తెస్తారా? అప్పుడు చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ వచ్చినాయి, మాకు రాలా."

ఆరు ఊళ్ళూ తిరిగి సీసాల లెక్క రాసుకోవాలనుకున్నాను. నా పేపరు తప్పని సారుకూ, అచ్చువేసిన పత్రికకూ నేనే రాయాలి. పరువు పోతే పోయింది. ఇంకొక్కటి అడగాలి, అడగాలంటే భయంగా ఉంది. అడిగినా చెప్పదులే అని ధైర్యం తెచ్చుకున్నాను.

"టీకా రానప్పుడు... ఎన్ని పొయినాయవ్వా?"

"నలభై మూడు," అంది పెంచలమ్మ. "రాసుకో పాపా. చచ్చినవాటికి దిష్టేముండాది?"